అంచున కొత్త టౌన్‌షిప్పా, నడిబొడ్డున పాత మిల్లు స్థలమా? మధ్యస్థాయి నగరానికి ఎంపిక సలహా

మూడు లక్షల జనాభా ఉన్న ఒక నగరాన్ని ఊహించుకోండి. పాలకమండలి ముందు రెండు ప్రతిపాదనలు ఉన్నాయి. ఒకటి, ఊరి చివర ఆరు వందల ఎకరాల్లో కొత్త టౌన్‌షిప్. రెండోది, ఊరి మధ్యలో ఎప్పుడో మూతపడిన మిల్లు, దాన్ని ఆనుకుని ఉన్న పాత బస్సు డిపో. రెండూ కలిపి నలభై ఎకరాల్లో ఇళ్లు, దుకాణాలు, ఒక పార్కు. మొదటిదాని బొమ్మలు చూడగానే మనసుకు హాయిగా ఉంటుంది. వెడల్పాటి రోడ్లు, వరసగా చెట్లు, తళతళలాడే భవనాలు. రెండోదాని ఫైలు తెరిస్తే కోర్టు కేసులు, నూనె ఇంకిన నేల, చుట్టుపక్కలవాళ్ల అభ్యంతరాలు. మొదటిదే మేలని చాలామందికి అనిపిస్తుంది. నేను రెండోదాని వైపే మొగ్గుతాను. ఎందుకో చెప్తాను, ఏ పరిస్థితుల్లో నా మాట చెల్లదో కూడా చెప్తాను.

మధ్యస్థాయి నగరం అంటే నా లెక్కలో సుమారు లక్ష నుంచి ఐదు లక్షల జనాభా. మహానగరం ఒక ఫ్లైఓవర్‌ను తప్పు చోట కట్టినా ఎలాగో నెట్టుకొస్తుంది. ఇంత నగరానికి ఆ వెసులుబాటు లేదు. ఒక్క పెద్ద ప్రాజెక్టు బెడిసికొడితే పదేళ్లపాటు వీధి దీపాలకు కూడా డబ్బు వెతుక్కోవాల్సి రావచ్చు. అయితే మహానగరానికి లేని మేలు ఒకటి దీనికుంది. దూరాలు తక్కువ. నడిబొడ్డు నుంచి అంచుకు ఐదు కిలోమీటర్లు ఉంటే, తాపీగా సైకిల్ తొక్కినా ఇరవై నిమిషాల్లో చేరుకుంటాం. ఈ దగ్గరితనాన్ని నిలబెట్టే ప్రాజెక్టు మంచిది, పోగొట్టేది చెడ్డది. నా తూకంలో సగం ఇదే.

మిగతా సగం పోషణ. కట్టడానికి డబ్బు ఎక్కడి నుంచో వస్తుంది. పై ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది, బ్యాంకు అప్పిస్తుంది, బిల్డరు పెట్టుబడి పెడతాడు. కట్టాక రోడ్డుకు మళ్లీ తారు వేయడం, పంపులు మార్చడం, మురుగు పైపు పగిలితే తవ్వి బాగుచేయడం నగరం నెత్తిన పడతాయి. అవి ఎప్పటికీ తీరే బాధ్యతలు కావు. అందుకే ఏ రెండు ప్రతిపాదనలను పక్కపక్కన పెట్టినా నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: యాభై ఏళ్లపాటు దీన్ని బాగుచేస్తూ ఉండటానికి ఎంతవుతుంది, ఆ డబ్బు ఎవరు కడతారు?

ఊరి లోపలా, ఊరి అంచునా

ఒక చిన్న లెక్క వేద్దాం. వీధికి రెండు వైపులా ఇళ్లు ఉన్నాయి, ఒక్కో ఇంటి ముఖం ఆరు మీటర్లు. అప్పుడు ఒక్కో ఇంటి వంతుకు వచ్చే వీధి మూడు మీటర్లు. అదే ఇంటి ముఖం ముప్పై మీటర్లయితే వంతుకు పదిహేను మీటర్ల వీధి. అంటే నీళ్ల పైపు, మురుగు పైపు, తారు, కాలిబాట, దీపాలు, చెత్త బండి తిరిగే దూరం, అన్నీ ఐదు రెట్లు. ఆ ఐదు రెట్లకు తగ్గట్టు ఆ ఇంటి పన్ను ఐదు రెట్లు పెరగదు. మొదటి ఇరవై ఏళ్లు ఈ తేడా ఎవరికీ కనపడదు, అన్నీ కొత్తవే కాబట్టి. పన్నులు వస్తుంటాయి, రిపేర్లు ఉండవు. ఆ ధైర్యంతో నగరం ఇంకో లేఅవుట్‌కు అనుమతి ఇస్తుంది. తర్వాత పాతవన్నీ ఒకేసారి మరమ్మతుకు వస్తాయి.

అమెరికాలోని ఆష్‌విల్ లక్షలోపు జనాభా ఉన్న నగరం. అక్కడ జోసెఫ్ మినికోజీ అనే నగర ప్రణాళికా నిపుణుడు ఆస్తి పన్నును ఎకరానికి ఎంత వస్తోందని లెక్కగట్టి చూపించాడు. ఊరి చివర 34 ఎకరాల్లో ఉన్న పెద్ద సూపర్ స్టోరు ఒకవైపు. ఊరి మధ్యలో ఎకరంలో ఐదో వంతు స్థలంలో ఉన్న పాత డిపార్ట్‌మెంట్ స్టోరు భవనం ఇంకోవైపు. ఆ పాత భవనాన్ని బాగుచేసి కింద దుకాణాలు, పైన ఆఫీసులు, ఇళ్లుగా మార్చారు. ఎకరానికి చూస్తే చిన్న భవనం కడుతున్న పన్ను దాదాపు వంద రెట్లు ఎక్కువ. మొత్తం భవనం విలువ చూసే అలవాటున్న కళ్లకు ఇది కనపడదు. రైతు తన పొలాన్ని ఎకరానికి ఎంత దిగుబడి వచ్చిందని చూసినట్టే నగరం కూడా తన నేలను చూడాలి. రెండు ప్రతిపాదనలకూ ఈ లెక్క అడగండి. లెక్క వేయడం కష్టమేమీ కాదు, పన్ను రికార్డులు, సర్వే పటాలు నగరం దగ్గరే ఉంటాయి.

అయితే లోపల కట్టడం సుఖంగా సాగే పని అనుకోవద్దు. పాత ఫ్యాక్టరీల నేలలో నూనెలు, భార లోహాలు ఉండొచ్చు. స్థలం కొన్నాక మట్టి పరీక్ష చేయిస్తే శుద్ధి ఖర్చు నగరమే భరించాల్సి వస్తుంది, కొనకముందు చేయిస్తే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగొచ్చు. పాత మురుగు లైను కొత్త జనాన్ని మోయగలదా అన్నది ఇంకో ప్రశ్న. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది అక్కడ ఇప్పటికే ఉంటున్నవాళ్ల సంగతి. చుట్టుపక్కల అద్దెలు పెరిగితే ముందుగా ఊరొదిలేది చిన్న దుకాణదారులు, కూలిపని చేసుకునేవాళ్లు. వాళ్లకు అదే చోట అద్దె ఇళ్లు, చిన్న షాపులు కేటాయిస్తామని ఒప్పందంలో రాసి ఉంటేనే ఆ ప్రాజెక్టుకు నా మద్దతు. సభలో నోటిమాటగా ఇచ్చిన హామీ సరిపోదు.

నేలను ఎలా అమ్ముతారన్నది కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. జర్మనీలోని ట్యూబింగెన్ తొంభై వేల జనాభా ఉన్న విశ్వవిద్యాలయ నగరం. ఫ్రెంచ్ సైన్యం ఖాళీ చేసిన బ్యారక్స్ స్థలాన్ని నగరమే తీసుకుని, రోడ్లు వేసి, చిన్న చిన్న ప్లాట్లుగా విడగొట్టింది. ధర ముందే నిర్ణయించి, ఎవరి ఆలోచన మంచిదో వాళ్లకు ఇచ్చింది. కొన్ని కుటుంబాలు కలిసి ఒక బృందంగా ఏర్పడి తమ భవనాన్ని తామే కట్టించుకున్నాయి. కింది అంతస్తుల్లో దుకాణాలు, వర్క్‌షాపులు వచ్చాయి. నలభై ఎకరాలూ ఒకే బిల్డరుకు వేలంలో ఇచ్చేస్తే ఆ బిల్డరు చేతులెత్తేసిన రోజు మొత్తం ఆగిపోతుంది. నలభై మందికి ఇస్తే ముగ్గురు ఆగినా ముప్పై ఏడు భవనాలు లేస్తాయి.

మరి ఊరి అంచున ఎప్పుడు కట్టాలి? లోపలి ఖాళీలు, పాత స్థలాలు, ఒక అంతస్తు పెంచుకోదగ్గ వీధులు అన్నీ లెక్కపెట్టాక కూడా వచ్చే జనానికి చోటు చాలదని తేలితే కట్టాల్సిందే. అప్పుడు ఇళ్లు ఇవ్వకుండా ఆపడం అన్యాయం. మంచి ఉదాహరణ కూడా ఉంది. జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరం తన పడమటి అంచున, ఒకప్పుడు మురుగునీరు పారించిన పొలాల్లో, రీసెల్‌ఫెల్డ్ అనే పేట కట్టింది. సుమారు 170 ఎకరాల్లో పది వేల మంది. ఆ పొలాల్లో మిగతా చాలా భూమిని ముట్టుకోకుండా ప్రకృతి రక్షిత ప్రాంతంగా వదిలేసింది. పేట ఇంకా కడుతుండగానే, 1997లో, ట్రామ్ వచ్చేసింది. జనం కారు కొనుక్కునే అలవాటులో పడకముందే వేరే దారి చూపించారన్నమాట. అదే నగరం తన దక్షిణం వైపున, సైన్యం వదిలిన పాత స్థలంలో, వోబాన్ పేటను కూడా కట్టింది. అక్కడికి ట్రామ్ 2006లో వచ్చింది. ఒకే నగరం కొత్త నేల మీదా, పాత స్థలంలోనూ కట్టి చూసింది కాబట్టి, ఈ ఎంపికపై ఆలోచిస్తున్నవాళ్లు ముందు చదవాల్సింది ఫ్రైబుర్గ్‌నే అంటాను.

అంచున కట్టేటప్పుడు వీధులు ముందు, భవనాలు తర్వాత. ఇల్డెఫాన్స్ సెర్దా అనే ఇంజినీరు బార్సిలోనా విస్తరణకు గీసిన పథకం 1859లో ఆమోదం పొందింది. మామూలు వీధికి ఇరవై మీటర్ల వెడల్పు, ఒకే కొలతలో వచ్చే చతురస్రాలు. చతురస్రాల లోపల ఆయన అనుకున్న తోటలు చాలావరకు దక్కలేదు, కానీ ఆ వీధుల మీదే నగరం ఇప్పటికీ నడుస్తోంది. భవనం యాభై, వంద ఏళ్లలో మారుతుంది, వీధి మాత్రం వందల ఏళ్లు ఉంటుంది. డబ్బు లేని నగరం కూడా రాబోయే వీధులను పటంలో గీసి, వాటి మీద ఎవరూ కట్టకుండా కాపాడుకోవచ్చు. భూమి సేకరణకు డబ్బు లేకపోతే భూములను కలిపి మళ్లీ పంచే పద్ధతి ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ కోసం 1902లో దీనికి చట్టమే వచ్చింది. యజమానులు తమ భూముల్లో కొంత రోడ్లకు, పార్కులకు వదులుకుంటారు, చిన్నదైనా రోడ్డు, నీళ్లు ఉన్న ప్లాటు తిరిగి పొందుతారు. చిన్న కమతాలవాళ్లకూ కౌలుదారులకూ ఇందులో వాటా ఎలా లెక్కిస్తారో మొదటే చూడాలి, ఎక్కువ అన్యాయం జరిగేది అక్కడే.

కూల్చి కట్టడమా, ఉన్నది బాగుచేయడమా

పాత మార్కెట్టు, పాత ఆస్పత్రి, అరవై ఏళ్ల కిందటి అపార్ట్‌మెంట్లు. ఇలాంటి వాటి గురించి మాట వస్తే "కూల్చేసి కొత్తది కట్టేద్దాం" అన్నది తొందరగా వచ్చే సమాధానం. కూల్చే ఖర్చు, శిథిలాలను తరలించే ఖర్చు, లోపల ఉంటున్నవాళ్లకు రెండు మూడేళ్లు వేరే చోట ఇల్లు చూపించే ఖర్చు చాలాసార్లు ఎస్టిమేట్‌లో విడిగా కనపడవు. ఇవి కలిపి లెక్కిస్తే బొమ్మ మారిపోతుంది.

ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో 1960ల్లో కట్టిన మూడు పెద్ద అపార్ట్‌మెంట్ భవనాలు ఉండేవి, మొత్తం 530 ఇళ్లు. కూల్చేయాలన్న మాట కూడా వచ్చింది. అన్ లాకాటోన్, జాన్ ఫిలిప్ వాసాల్ తోటి ఆర్కిటెక్టులతో కలిసి వేరే దారి పట్టారు. భవనానికి బయటివైపున కొత్త పునాదుల మీద అద్దాల వసారాలు, బాల్కనీలు అంతస్తు మీద అంతస్తుగా నిలబెట్టారు. పాత చిన్న కిటికీలు తీసేసి వసారాలోకి తలుపులు పెట్టారు. ప్రతి ఇంటికీ వెలుతురు, చోటు పెరిగాయి. అన్నిటికన్నా పెద్ద విషయం, పని జరుగుతున్నంతకాలం జనం తమ ఇళ్లలోనే ఉన్నారు. దీనికి 2019లో ఐరోపా సమాఖ్య ఇచ్చే మీస్ ఫాన్ డెర్ రోహె అవార్డు వచ్చింది, 2021లో ఆ ఇద్దరికీ ఆర్కిటెక్టులకిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి దక్కింది. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి. ఇల్లు బాగుచేయడానికి మనుషుల్ని వెళ్లగొట్టక్కర్లేదని అక్కడ చేసి చూపించారు.

కొత్త భవనం కరెంటు తక్కువ వాడుతుంది కదా అన్న వాదనకు కూడా జవాబుంది. అమెరికాలోని నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ 2011లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, పాతదానికన్నా 30 శాతం తక్కువ శక్తి వాడే కొత్త భవనం కట్టినా, ఆ నిర్మాణం వల్ల వాతావరణానికి జరిగిన నష్టం తీరడానికి భవన రకాన్ని బట్టి 10 నుంచి 80 ఏళ్లు పడుతుంది. సిమెంటు, ఉక్కు తయారీలోనే అంత భారం ఉంది.

ఇలా అన్నానని ప్రతి పాత గోడనూ నిలబెట్టమని కాదు. స్లాబుల్లో ఇనుము తుప్పుపట్టి పెచ్చులు ఊడుతుంటే, పునాది కుంగుతుంటే, భూకంపాన్ని తట్టుకునేలా చేయడానికే కొత్త భవనమంత ఖర్చయితే, కూల్చండి. అంతస్తుల మధ్య ఎత్తు మరీ తక్కువైతే ఆఫీసుగానో ఆస్పత్రిగానో మార్చడం కష్టం, అది కూడా న్యాయమైన కారణమే. ఆ తీర్పు కాంక్రీటు నమూనా తీసి పరీక్షించిన స్ట్రక్చరల్ ఇంజినీరు నివేదిక నుంచి రావాలి. ఆ స్థలంలో కట్టబోయే బిల్డరు తెచ్చిన నివేదికను ఒక్కదాన్నే నమ్మకండి, నగరం ఇంకొకరితో కూడా చూపించాలి.

పొడుగు టవర్లా, ఐదారు అంతస్తులా

ఇక్కడ ఎక్కువ మాట్లాడాల్సిన పని లేదు. జనసాంద్రత కావాలంటే ఆకాశహర్మ్యాలే దారి అన్నది పొరపాటు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో లెస్లీ మార్టిన్, లయనెల్ మార్చ్ అనే ఆర్కిటెక్టులు 1960ల్లో లెక్కలు వేసి చూపించారు: ఒకే స్థలంలో మధ్యన నిలబడ్డ టవర్లకు బదులు, స్థలం అంచుల వెంట చుట్టూ కట్టి మధ్యలో పెద్ద పెరడు వదిలితే, మూడో వంతు ఎత్తుతోనే అంత నేల విస్తీర్ణమూ వస్తుంది. ఐదారు అంతస్తుల మీద నుంచి పిల్లాడిని పేరుపెట్టి పిలిస్తే వినపడుతుంది. లిఫ్ట్ ఆగినా ముసలివాళ్లు తప్ప మిగతావాళ్లు మెట్లెక్కగలరు.

టవర్ అసలు పరీక్ష ఇరవై ఏళ్ల తర్వాత మొదలవుతుంది. లిఫ్టులు, పంపులు, మంటలార్పే ఏర్పాట్లు మార్చాలి. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 1950ల మధ్యలో కట్టిన ప్రూయిట్ ఐగో గృహ సముదాయంలో 33 భవనాలు, ఒక్కోటి పదకొండు అంతస్తులు. పోషణ ఖర్చు అద్దెల నుంచే రావాలని ఏర్పాటు. నగర జనాభా తగ్గింది, ఇళ్లు ఖాళీ అయ్యాయి, అద్దెలు తగ్గాయి, లిఫ్టులు పాడైనా బాగుచేసే దిక్కు లేకపోయింది. 1972లో కూల్చడం మొదలుపెట్టారు. పేదలకు కట్టే ఇళ్ల విషయంలో టవర్ ప్రతిపాదన వస్తే, మరమ్మతు నిధి ఎక్కడుందో చూపించేవరకు ఒప్పుకోవద్దు.

బస్సా, ట్రామా, మెట్రోనా

మెట్రో అన్న మాటకు ఉన్న ఆకర్షణ నాకు తెలుసు. "మనకూ మెట్రో" అంటే ఊరికి గౌరవం పెరిగినట్టు ఉంటుంది. గౌరవాన్ని పక్కనపెట్టి గంటకు ఒక దిశలో ఎంతమంది వెళ్తారో లెక్కపెట్టండి. 75 మంది పట్టే బస్సు మూడు నిమిషాలకొకటి నడిస్తే గంటకు 1,500 మంది. 150 మంది పట్టే జంట బస్సు, తనకంటూ ప్రత్యేక లేనులో, రెండు నిమిషాలకొకటి నడిస్తే 4,500. 250 మంది పట్టే ట్రామ్ మూడు నిమిషాలకొకటి అయితే 5,000. పూర్తిస్థాయి మెట్రో గంటకు పదుల వేలమందిని మోసే యంత్రం. మూడు లక్షల నగరంలో ఒక్క దారిలో అంత రద్దీ ఉండటం అరుదు. రద్దీ చాలని చోట మెట్రో కడితే ఖాళీ పెట్టెలు తిప్పడానికి బస్సుల డబ్బు పోతుంది, బస్సులు తగ్గితే పేటల్లోని జనం స్టేషనుకే చేరుకోలేరు.

ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బుర్గ్‌లో 1989 మేయర్ ఎన్నిక చాలావరకు ఇదే ప్రశ్న చుట్టూ జరిగింది: భూమి లోపల నడిచే, డ్రైవరు లేని చిన్న మెట్రోనా, వీధిలో నడిచే ట్రామా? ట్రామ్ అన్న కాథరీన్ ట్రౌట్‌మన్ గెలిచారు. 1994లో మొదటి లైను మొదలైంది. ట్రామ్ వేస్తూనే నడిబొడ్డు కూడలి నుంచి కార్లను తప్పించారు, వీధులను గోడ నుంచి గోడ వరకు కొత్తగా చేశారు. ట్రామ్‌తో వచ్చిన అసలు లాభం అదేనని నా నమ్మకం. మెట్రోను నేల కింద పెడితే పైన కార్లు ఎప్పటిలాగే ఉంటాయి.

నా మాటకు ఎదురు నిలిచే నగరం కూడా ఉంది. ఫ్రాన్స్‌లోనే ఉన్న రెన్ జనాభా రెండు లక్షల చిల్లర. అది చిన్న మెట్రోనే ఎంచుకుంది, 2002లో మొదటి లైను, 2022లో రెండోది తెరిచింది. బాగానే నడుస్తోంది. కానీ ఆ నగరం చుట్టూ పొలాలను కాపాడుకుంటూ, జనం స్టేషన్ల దగ్గరే ఉండేలా దట్టంగా పెరిగింది. పైగా ఫ్రాన్స్‌లో యజమానులు జీతాల మొత్తం మీద కట్టే రవాణా పన్ను ఉంది, 1970ల నుంచి అది పారిస్ బయటి నగరాలకూ అందుతోంది. ఆ రెండూ లేకుండా రెన్‌ను అనుకరించకూడదు.

చేతిలో డబ్బు తక్కువ ఉంటే కురిటీబా దారి చూడండి. బ్రెజిల్‌లోని ఈ నగరంలో అప్పటికి ఆరు లక్షల చిల్లర జనాభా. జైమే లెర్నర్ అనే ఆర్కిటెక్టు 1971లో మేయరయ్యాక, 1974లో బస్సులకు ప్రత్యేక లేన్లు వచ్చాయి. ఎత్తైన భవనాలకు ఆ దారుల వెంటే అనుమతిచ్చారు. దానివల్ల బస్సుకు జనం దొరికారు, జనానికి బస్సు దొరికింది. ముందు బస్సు లేను, ఐదేళ్ల తర్వాత రద్దీ చూసి అవసరమైతే అదే దారిలో ట్రామ్: చాలా నగరాలకు నేను చెప్పేది ఈ వరసే. తప్పు తేలితే లేను గీత చెరిపి మళ్లీ గీయొచ్చు.

రోడ్డు వెడల్పు చేయడమా, దారి మళ్లించడమా

రోడ్డు వెడల్పు చేస్తే ట్రాఫిక్ తగ్గుతుందన్నది కొన్ని నెలలకే నిజం. గిల్ డ్యురాంటన్, మాథ్యూ టర్నర్ అనే ఆర్థికవేత్తలు 2011లో అమెరికా నగరాల లెక్కలతో చూపించింది ఏమిటంటే, హైవే లేన్లు ఎంత శాతం పెరిగితే వాహనాలు తిరిగే దూరం కూడా దాదాపు అంత శాతమే పెరుగుతుంది. ఖాళీ దొరికిన చోటికి కొత్త వాహనాలు వచ్చి చేరతాయి.

మధ్యస్థాయి నగరానికి చవకైన ప్రత్యామ్నాయం ఉంది. 1977లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ తన నడిబొడ్డును నాలుగు భాగాలుగా విడగొట్టింది. కారు ఒక భాగం నుంచి పక్క భాగానికి నేరుగా వెళ్లలేదు, బయటి వలయ రహదారికి వచ్చి తిరిగి వెళ్లాలి. సైకిలూ నడకా నేరుగా వెళ్తాయి. కావాల్సింది కొన్ని అడ్డుకట్టలు, బోర్డులు, గట్టి మనసు. స్పెయిన్‌లో ఎనభై వేల జనాభా ఉన్న పోంటెవేద్రా 1999 నుంచి ఊరి మధ్య వీధులను నడిచేవాళ్లకు తిరిగి ఇచ్చేసింది. నగరం గుండా దాటిపోయే వాహనాలను ఆపింది. సరుకు దించే బండ్లను, వికలాంగుల వాహనాలను రానిచ్చింది. ఈ మినహాయింపులు ముందే రాసుకోకపోతే దుకాణదారులు ఎదురుతిరుగుతారు, వాళ్ల భయంలో న్యాయం ఉంది.

ఇప్పటికే కట్టిన తప్పును సరిదిద్దిన నగరాలూ ఉన్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్, నడిబొడ్డు చుట్టూ పల్లంగా తవ్విన హైవేలో తూర్పు భాగాన్ని 2014 నుంచి 2017 మధ్య మట్టితో పూడ్చి మామూలు వీధి వేసింది. మిగిలిన నేలలో ఇళ్లు వచ్చాయి. అమెరికాలోనే మిల్వాకీ నగరం 2002లో ఒక ఎత్తైన హైవే ముక్కను కూల్చడం మొదలుపెట్టింది, కానీ దొరికిన స్థలంలో కొంత పదేళ్లకు పైగా ఖాళీగానే పడి ఉంది. కూల్చేముందే ఆ నేలను ఎన్ని ప్లాట్లుగా, ఎవరికి ఇవ్వాలో తేల్చుకోవాలి.

పార్కింగ్ గురించి ఒక్క మాట. ఒక కారుకు, అది తిరిగే దారితో కలిపి, 25 నుంచి 30 చదరపు మీటర్లు కావాలి. ఒక చిన్న ఇంటికి సరిపోయే చోటు. ప్రతి కొత్త భవనం ఇన్ని కార్లకు చోటు చూపించి తీరాలన్న నిబంధన ఇళ్ల ధరను పెంచుతుంది, చిన్న ప్లాట్లలో కట్టడాన్ని అసాధ్యం చేస్తుంది. అమెరికాలోని బఫలో నగరం 2017లో ఊరంతటా ఆ కనీస నిబంధనను తీసేసింది. బస్సు సరిగ్గా తిరిగే చోట్ల నుంచి మొదలుపెట్టి దీన్ని తీసేయడమే మంచిది.

ఒక్క మహా ప్రాజెక్టా, పది చిన్నవా

స్పెయిన్‌లోని బిల్బావో నగరం పేరు చెప్పి చాలా నగరాలు ఒక పెద్ద మ్యూజియమో, కన్వెన్షన్ సెంటరో కట్టడానికి సిద్ధపడతాయి. ఫ్రాంక్ గెహ్రీ గీసిన గుగెన్‌హైమ్ మ్యూజియం 1997లో తెరుచుకుంది, ఊరి రాత మారిందన్నది కథ. కథలో చెప్పని భాగం మురుగునీటిది. 1980ల నుంచే ఆ నగరం నదిలోకి పోతున్న మురుగును పట్టి శుద్ధి చేసే పనిలో పడింది. పోర్టును సముద్రం వైపు జరిపారు. నది ఒడ్డు భూములున్న ప్రభుత్వ సంస్థలన్నీ కలిసి పనిచేయడానికి 1992లో ఒక ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి. 1995లో మెట్రో వచ్చింది. ఇవన్నీ మొదలయ్యాకే మ్యూజియం తలుపులు తెరిచింది. కంపుకొట్టే నది ఒడ్డున టైటానియం భవనం ఒక్కటే ఉంటే ఎంతమంది వచ్చేవారో మీరే ఆలోచించండి. మన దగ్గర మురుగు శుద్ధి కాకుండానే ఎవరైనా ఆ బొమ్మ చూపిస్తే, ముందు మురుగు సంగతి అడగండి.

మహా ప్రాజెక్టుల లెక్కలు కూడా భయపెట్టేవే. పెద్ద ప్రాజెక్టులపై పరిశోధన చేసే బెంట్ ఫ్లూబ్యార్ సేకరించిన 16,000కు పైగా పెద్ద ప్రాజెక్టుల్లో అనుకున్న ఖర్చులో, అనుకున్న గడువులో పూర్తయినవి 8.5 శాతమే. ఆ రెండింటితో పాటు చెప్పిన ప్రయోజనం కూడా ఇచ్చినవి 0.5 శాతం. ఐదు లక్షలలోపు నగరం తన భవిష్యత్తును అలాంటి పందెంలో పెట్టకూడదు. అదే డబ్బును పది పనులుగా విడగొడితే మొదటి రెండింట్లో నేర్చుకున్నది మిగతా ఎనిమిదింటికి పనికొస్తుంది. స్వీడన్‌లో మాల్మో నగరం ఔగుస్టెన్‌బోరి అనే పాత పేటలో వానొస్తే సెల్లార్లు మునిగే బాధను అలాగే తగ్గించింది. 1990ల చివర నుంచి పెరళ్లలో తెరిచిన కాలువలు, చిన్న చెరువులు, మొక్కలు పెంచిన పైకప్పులు ఒక్కొక్కటిగా చేస్తూ వెళ్లింది.

కొన్ని పనులు విడగొట్టలేనివి ఉంటాయి. నీటి శుద్ధి కేంద్రం సగం కడితే ప్రయోజనం లేదు, వంతెన కూడా అంతే. వాటికి అప్పు చేసినా తప్పులేదు.

ఆ రెండు ప్రతిపాదనల సంగతి

మొదట చెప్పిన నగరంలో నాకు ఓటుంటే మిల్లు స్థలానికి వేస్తాను, ఈ షరతులతో. నేల కొనేముందు మట్టి పరీక్ష. నలభై ఎకరాలను కనీసం ముప్పై ప్లాట్లుగా విడగొట్టి, వీధులు నగరమే వేయాలి, అవి చుట్టూ ఉన్న పాత వీధుల్లో కలవాలి. మిల్లు షెడ్డు దూలాలు గట్టిగా ఉంటే దాన్ని మార్కెట్టుగా మార్చాలి. ఆరు అంతస్తులకు మించొద్దు. ఇళ్లలో కొంత భాగం ఇప్పుడు ఆ పేటలో అద్దెకుంటున్నవాళ్లకు, రాతపూర్వకంగా. మొదటి కుటుంబం దిగే రోజుకే బస్సు ఆగే చోటు సిద్ధంగా ఉండాలి.

ఆరు వందల ఎకరాల టౌన్‌షిప్‌ను పూర్తిగా తోసిపుచ్చను. ఆ భూముల్లో పెద్ద వీధులూ, వాననీటి దారులూ ఎక్కడ రావాలో ఇప్పుడే పటంలో గీసి నోటిఫై చేయమంటాను. సాగు మాత్రం ఎప్పటిలాగే సాగనివ్వాలి. మిల్లు స్థలం నిండాక, బస్సు లెక్కలూ జనాభా లెక్కలూ చేతికొచ్చాక, నడిబొడ్డుకు దగ్గరగా ఉన్న మొదటి అరవై ఎకరాల ఫైలు తెరవొచ్చు.